శ్రావణ శుక్రవారపు పటము

శ్రావణ పూర్ణిమకు ముందు వచ్చు శుక్రవారమున మనలో పెక్కుమంది వరలక్ష్మీ వ్రతము చేయుదుము. కలశము నిల్పుదుము, తొమ్మిది ముడుల తోరము కట్టుకొందుము, చారుమతి కథ విందుము. కాని ఆ కలశము వెనుక గోడకానించిన లక్ష్మీపటమును ఎన్నడైన నిదానించి చూచితిమా? నేను మాత్రము నిన్న మొన్నటివరకు చూడలేదు.

మా యింటనున్నది రవివర్మ ముద్రాలయపు అచ్చుపటము. అద్దము పగిలినది, ఒక మూల చెదలు తిన్నది. భిన్నమైన పటము పూజకు తగదనియు, గోదావరిలో విడువవలెననియు మా అత్తగారు సెలవిచ్చిరి. పెద్దల ఆచారమును కాదనలేను. అయినను నాకు చేతులు రాలేదు.

1848లో తిరువాన్కూరు సీమలోని కిళిమానూరున జన్మించిన రవివర్మ చిత్రములు మొదట రాజమందిరములకును ధనికుల మేడలకును మాత్రమే అందుచుండెను. 1894లో ఆయన బొంబాయిలో ముద్రాలయమును స్థాపించి, జర్మనీనుండి యంత్రములను తెప్పించి, రాతి అచ్చున రంగుల పటములు వేయించెను. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. అవియన్నియు ఒకే కాగితముపై వెంట్రుకవాసి తొలగక పడవలెను. మొదట వెలువడినది శకుంతలా జననము. తరువాత ఆ ముద్రాలయము లోణావళా చేరువనున్న మళవలీకి తరలి, ష్లైషర్ అను జర్మను నిపుణుని వశమైనది. రవివర్మ 1906లో గతించినను పటములు మాత్రము ఊరూర తిరిగినవి. గుడి గడప తొక్కనీయబడని వారి గుడిసెలోను లక్ష్మీదేవి కొలువుదీరినది. ఈ యొక్క మేలు చాలదా?

ఇక పటమును చూతము. కొలనులో పద్మముపై దేవి నిలిచియున్నది. రెండు చేతుల పద్మములు, కట్టినది ఎఱ్ఱచీర, ప్రక్కన ఏనుగొకటి పూలదండ నెత్తి పట్టినది. చిన్ననాట మా తాతగారు నాకు పోతన భాగవతము చెప్పిరి. అష్టమస్కంధమున పాలకడలినుండి లక్ష్మి వెలువడినపుడు సముద్రుడు ఆమెకు పసిమివన్నె పట్టుపుట్టముల జంటనిచ్చెను. దిగ్గజములు అభిషేకము చేసినవి. సాంచీ స్తూపపు ప్రాచీన శిల్పములందును దేవికిరువైపుల ఏనుగులు నీరు వంచుచున్నవి. రవివర్మ పసుపువన్నెను విడిచెను, అభిషేకమును విడిచెను. మొదట నాకిది అపచారముగ తోచినది. ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు ఈ చిత్రములలో నాటకపు పోకడ కలదని ఆక్షేపించిరి. అదియు కొంత నిజమే. కాని ఆ కుచ్చెళ్లు, ఆ పైట, ఆ నిదానపు చూపు మన యింటి ముత్తైదువవి. అందుకే కాబోలు మన స్త్రీలు ఆ దేవికి తామే అలంకారము చేసిరి. పటముపై జలతారు, చమ్కీలు, పూసలు కుట్టుట ఆనాడు చాల యిండ్ల వేడుక. మా పటముపై చమ్కీలు కుట్టినవారు మా అత్తగారి అత్తగారు.

పటమును ఏటికి పంపవలసిన ముందునాడు పాతపెట్టె వెదకుచుండగా ఛాయాచిత్రమొకటి దొరికినది. వెనుక సిరాతో "1978, వరలక్ష్మీ వ్రతము" అని వ్రాసియున్నది. కలశము, వెనుక ఇదే పటము, ప్రక్కన తలవంచుకొనిన క్రొత్తకోడలు. ఆ కోడలే నేటి మా అత్తగారు! రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. ఛాయాచిత్రములో చీర దిగువ అంచు బోసిగా నున్నది. పటములో అక్కడ చమ్కీల వరుస యున్నది, అదియు వంకరగా.

"అత్తయ్యగారూ, ఈ వరుస ఎవరు కుట్టినారండీ?" అని అడిగితిని.

ఆమె పటమును ఒడిలోనికి తీసికొని చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "ఆ వ్రతము మరునాడు అత్తయ్య చట్రము విప్పి, సూది నా చేతికిచ్చినది. వంకరపోయినదని నేనేడ్చితిని. ఉండనీ, అమ్మవారు నవ్వుకొనునులే అన్నది" అనిరి.

గోదావరి మాట మరల రాలేదు. పూజకు బజారునుండి క్రొత్తపటము తెచ్చితిమి. పాతదానిని తడిగుడ్డ తగులనీయక మెత్తని కుంచెతో దులిపి, నూలుగుడ్డలో చుట్టి, దీపపు పొగయు ఎండయు సోకని పెట్టెలో నుంచితిని. ఛాయాచిత్రమునుండి మరియొక ప్రతి తీయించి దానితో చేర్చితిని. మొన్నటి శుక్రవారము మా అత్తగారు పెట్టె తెరిపించి పటమునకు బొట్టు పెట్టిరి. కుంకుమ కాగితమును చెఱచునని నేనెంత చెప్పినను వినలేదు.