అచ్చు లేని రేకు రూపకల్పన – ఉపరితలపు నునుపు

అడవులదీవి వంటి తీరగ్రామాల రొయ్యల చెరువుల వద్ద వాడే మేత తొట్టి లోపల గరుకుగా ఉంటే మేత సాఫీగా జారదు. అక్కడ నిలిచే ఉప్పు తేమ తుప్పుకు దారితీస్తుంది. కొద్ది తొట్లకై ఖరీదైన అచ్చు చేయించనవసరం లేదు. అంచులు బిగించిన రేకును సి.ఎన్.సి. యంత్రంపై గుండ్రని మొన గల పనిముట్టుతో వరుస వెంట వరుసగా కిందికి నొక్కి తొట్టిగా మలచవచ్చు. అయితే వరుసల నడుమ సన్నని గట్లు మిగులుతాయి. అవి మేత జారే దిశకు అడ్డంగా ఉంటాయి.

10 మి.మీ. వ్యాసం గల మొనతో, 45 డిగ్రీల వాలులో, మెట్టు లోతు 1 మి.మీ. అయితే గట్టు ఎత్తు లెక్క ప్రకారం సుమారు 50 మైక్రాన్లు, 0.5 మి.మీ. అయితే 12.5 మైక్రాన్లు. మెట్టు సగమైతే గట్టు నాలుగో వంతుకు తగ్గుతుంది, పని సమయం మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. మొన పెద్దదైనా గట్టు తగ్గుతుంది గాని ఇరుకు మూలలు తీరవు. కందెన చాలకుంటే గీతలు పడతాయి. కాబట్టి మూలలకు ఇమిడే అతిపెద్ద మొనను ముందుగా ఎంచుకుని, ఆపై మెట్టు లోతును నిర్ణయించాలి.