బాదం బిస్కెట్లు: వాసన వేరు, బలం వేరు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో సాయంత్రం పూట ఏ బేకరీ ముందు చూసినా రద్దీయే. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లేవారు పిల్లలకని పావుకిలో బిస్కెట్లు కట్టించుకుంటారు. పోటీ పరీక్షలకు చదివే కుర్రవాళ్లు సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి వచ్చి, చాయ్‌తో నాలుగు బిస్కెట్లు తిని, రాత్రి భోజనం అయిందనిపిస్తారు. అందులోనూ 'బాదం బిస్కెట్' అంటే మరీ గౌరవం. బాదం అంటే బలం కదా!

"ఇవి ఇంట్లో చేసుకుంటే మంచిదేనా?" అని గృహిణులు అడుగుతుంటారు. మంచిదే. అయితే చేసుకునే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవడం అవసరం.

చైనావారి బాదం బిస్కెట్

బాదం బిస్కెట్లకు పేరుపడినవారు దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతంవారు. వారి పొరుగున ఉన్న మకావులో వీటిని పెసర పిండితో చేసి, చెక్క అచ్చులలో నొక్కి కాలుస్తారు. మన సున్నుండల పిండికి దగ్గర బంధువే అన్నమాట. వారి భాషలో బాదం పప్పుకూ, ఆప్రికాట్ గింజలోని పప్పుకూ వాడుకలో ఒకటే పేరు. ఆ బిస్కెట్లలో గుప్పున వచ్చే వాసన చాలావరకు ఆ ఆప్రికాట్ పప్పుదే. మనం తినే తియ్య బాదానికి అంత ఘాటైన వాసన ఉండదు. బజారులో దొరికే బాదం ఎసెన్సు కూడా ఆ వాసనను మాత్రమే ఇస్తుంది. కనుక వాసన వచ్చినంత మాత్రాన అందులో బాదం ఉన్నట్టు కాదు.

ఖుబానీ గింజలతో జాగ్రత్త

ఆప్రికాట్ అంటే మరేదో కాదు, మన హైదరాబాదు విందుల్లో వడ్డించే ఖుబానీయే. ఖుబానీ కా మీఠా చేసేటప్పుడు గింజలు పగలగొట్టి, లోపలి పప్పును పైన అలంకరించడం మనకు అలవాటు. మిగిలిన పప్పును దాచి "బాదంలాగే ఉంది కదా" అని బిస్కెట్లలో పొడిచేసి వేయకండి. ఈ పప్పులో, ముఖ్యంగా చేదుగా ఉన్నదానిలో, అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. అది కడుపులోకి వెళ్లాక సయనైడు విషంగా మారుతుంది. పెద్దవారైనా ఒక పూటకు మూడు చిన్న పచ్చి పప్పులు మించి తింటే సురక్షిత పరిమితి దాటవచ్చనీ, పసిపిల్లలకు ఒక్కటి కూడా ఎక్కువ కావచ్చనీ ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించింది. బాదంలో కూడా నోటికి చేదు తగిలిన పప్పును వెంటనే ఉమ్మివేయాలి. పిల్లలకు ఈ అలవాటు తప్పక నేర్పండి.

ఏ కొవ్వు వాడాలి?

పూర్వం పిండి, చక్కెర, డాల్డా ఇంటినుంచే పట్టుకెళ్లి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకునేవారు. అప్పటి వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు ఎక్కువ. గుండెకు, రక్తనాళాలకు చేటు చేసేది అదే. 2022 జనవరి నుంచి నూనెలలో, వనస్పతిలో ఇది 2 శాతానికి మించరాదని మన దేశంలో నిబంధన ఉంది. అయినా ఇంట్లో చేసుకునేవారికి నెయ్యి ఉండగా వనస్పతి దేనికి? నెయ్యి కూడా కొవ్వే సుమా! దాన్ని కొలిచి వేయగలగడమే ఇంటి బిస్కెట్‌లోని అసలు లాభం.

చేసే విధానం

కావలసినవి: వేయించి పట్టించిన పెసర పిండి 100 గ్రాములు, గోధుమ పిండి 100 గ్రాములు, బాదం పొడి 75 గ్రాములు, నెయ్యి 90 గ్రాములు, చక్కెర పొడి 80 గ్రాములు, బేకింగ్ పౌడరు అర చెంచా, చిటికెడు ఉప్పు, కొద్దిగా యాలకుల పొడి, రెండు మూడు పెద్ద చెంచాల పాలు. పైన అద్దడానికి 12 బాదం పప్పులను రెండేసి బద్దలుగా చీల్చుకోవాలి.

బాదాన్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది. నెయ్యి, చక్కెర బాగా గిలకొట్టి, జల్లించిన పిండ్లు, మిగతావి కలిపి, పాలు చిలకరిస్తూ ముద్ద చేయండి. చపాతీ పిండిలా మర్దించకూడదు, బిస్కెట్ గట్టిపడుతుంది. 24 ఉండలు చేసి, అరచేత వత్తి, ఒక్కో బద్ద అద్దండి. ఓవెన్‌లో 160 డిగ్రీల వేడిలో 15 నుంచి 18 నిమిషాలు చాలు. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఇసుక పోసి వేడిచేసి, స్టాండు మీద పళ్లెం ఉంచి, మూతపెట్టి సన్నని సెగన అంచులు దోరగా ఎర్రబడేదాకా కాల్చవచ్చు. వేడిమీద మెత్తగా ఉన్నా, ఆరితే గట్టిపడతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి, వారం పది రోజుల్లో తినెయ్యండి. బాదం నూనె కారుకంపు కొడితే పారవేయడమే మేలు.

ఒక చిన్న లెక్క

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల బాదంలో సుమారు 600 కేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు, 58 గ్రాముల కొవ్వు ఉంటాయి. మనం చేసిన ఒక్కో బిస్కెట్‌లో పడే బాదం దాదాపు మూడు పప్పులు. నెయ్యి ముప్పాతిక చెంచా, చక్కెర కూడా అంతే. మొత్తం సుమారు 100 కేలరీలు, 2 గ్రాముల మాంసకృత్తులు. మూడు బిస్కెట్లు తింటే నూనె వేయని రెండు పుల్కాలకన్నా ఎక్కువ కేలరీలు చేరతాయి, ఆకలి మాత్రం అంతగా తీరదు.

కాబట్టి బాదం బలం కావాలంటే ఐదారు పప్పులు నానబెట్టి, నమిలి తినండి. బిస్కెట్‌ను బిస్కెట్‌లాగే, చిరుతిండిగా, ఒకటో రెండో తినండి. మధుమేహం ఉన్నవారు ఒక్కదానితో సరిపెట్టుకోవాలి, అదీ రోజూ కాదు. ఐదేళ్లలోపు పిల్లలకు పైన అద్దిన బద్ద గొంతుకు అడ్డం పడవచ్చు, అది తీసి పెట్టండి. బాదం తిన్నప్పుడు దద్దుర్లు, పెదవుల వాపు వచ్చేవారు వీటి జోలికి పోకూడదు. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గదుల్లో ఉండి చదువుకునే కుర్రవాళ్లకు ఒక మాట. ఇంటినుంచి అమ్మ పంపిన డబ్బా నాలుగు గంటల చాయ్‌కి మాత్రమే. రాత్రికి ఇంత అన్నం, పప్పు, పెరుగు ఉండాల్సిందే. పరీక్ష గట్టెక్కించేది కడుపునిండా తిన్న భోజనం, కంటినిండా పోయిన నిద్ర.