వినకముందే వేసిన శిక్ష

మాదాపూర్: అద్దాల మేడల హైటెక్ సిటీకీ, రంగస్థల నాటకానికీ ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. దూరం మాత్రం పెద్దగా లేదు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ నుంచి కొండాపూర్ మీదుగా లింగంపల్లి వైపు వెళితే, ఆ శేరిలింగంపల్లి ప్రాంతంలోనే సురభి నాటక కుటుంబాల కాలనీ ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన నాటక పరంపర అది.

సురభిలో కుటుంబమే నాటక సమాజం. తండ్రి రాజు వేషం కడితే కొడుకు యువరాజు, కోడలు రాణి. వేదికపై ఎంత కలహించినా, తెర దిగాక అందరూ ఒకే పంక్తిన భోజనానికి కూర్చునేవారే. ఐతే సురభి పుట్టిన ఆ కాలంలోనే, తెరపడినా తండ్రీ కొడుకులు తిరిగి కలుసుకోలేని నాటకమొకటి తెలుగులో పుట్టింది. అదే ‘విషాద సారంగధర’.

బళ్ళారి వకీలు సాహసం

దాని కర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్ళారిలో న్యాయవాది. అక్కడ సరసవినోదిని సభను నెలకొల్పి, తాము రచించిన నాటకాలను ఆడించి, ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని పేరు పొందారు. ప్రఖ్యాత నటుడు బళ్ళారి రాఘవకు ఆయన మేనమామ.

మన పూర్వులకు నాటకమంటే శుభంతో ముగియాలి. సంస్కృతంలో భాసుని ‘ఊరుభంగం’ వంటివి ఎక్కడో తప్ప, కథ కంటతడితో ముగియడం ఆచారం కాదు. ఆచార్యులవారు ఆ ఆచారాన్ని దాటారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ‘విషాద సారంగధర’కు సాహిత్య చరిత్రలో స్థానం లభించింది.

కథ తెలుగువారికి కొత్తది కాదు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుని కుమారుడు సారంగధరుడు. రాజుకు చిత్రాంగి అనే పడుచు భార్య ఉన్నది. ఒకనాడు యువరాజు ఎగరవేసిన పావురం ఆమె మేడపై వాలింది. దాని కోసం అతడు ఆ మేడకు వెళ్ళాడు. ఆమె వలపు తెలిపింది. నీవు నాకు తల్లివంటూ అతడు తిరస్కరించాడు. అవమానంతో రగిలిన చిత్రాంగి, తప్పు అతనిపై మోపి భర్తకు చెప్పింది. రాజు భార్య మాటనే నమ్మాడు. నిజం తేలకుండానే కొడుకు కాలు సేతులు నరికించమని ఆజ్ఞ ఇచ్చాడు.

15వ శతాబ్దంలో గౌరన ‘నవనాథ చరిత్ర’లోనూ, 17వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన చేమకూర వెంకటకవి కావ్యంలోనూ ఈ కథ ఉన్నది. జనం చెప్పుకునే కథలో సిద్ధుడొకరు వచ్చి సారంగధరుని అవయవాలను తిరిగి మొలిపిస్తాడు. విన్నవారు కళ్ళు తుడుచుకుని ఊరట చెందుతారు. ధర్మవరంవారు ప్రేక్షకులకు ఆ ఊరట ఇవ్వలేదు. నరికిన చెయ్యి నరికినదే, పోయిన కొడుకు పోయినవాడే.

ఇది చరిత్ర కాదని కూడా చెప్పుకోవాలి. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుని కుమారునిగా చరిత్ర ఎరిగినవాడు, 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. ఐనా రాజమండ్రిలో నేటికీ సారంగధర మెట్ట పేరుతో కొండ ఉన్నది. జనం మనసులో ఆ కథ అంతగా నాటుకుపోయింది.

పావురానిదా నేరం?

ఈ కథ విన్న వారెవరైనా ‘అంతా విధి’ అని నిట్టూరుస్తారు. పావురం మరొక మేడపై వాలి ఉంటే ఏ గొడవా లేకపోయేది కదా అనిపిస్తుంది. నిజమే, పావురం ఎక్కడ వాలుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఆ మాత్రం విధి ఉన్నది. కానీ కత్తి పట్టమని తలారికి చెప్పినది విధి కాదు, తండ్రి. ఒక పక్షం మాట విని రెండవ పక్షం మాట చెవిన పెట్టకుండా తీర్పు చెప్పరాదన్నది ఏ కచేరీలోనైనా మొదటి పాఠం. ఒక వకీలు చేతిలో ఈ కథ విషాదాంతం కావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చిత్రాంగిని కేవలం దుష్టురాలిగా చూడడం కూడా తేలిక. ప్రచారంలో ఉన్న ఒక కథనం ప్రకారం ఆమె మొదట యువరాజు కోసం చూసిన సంబంధం. పటం చూసి రాజే మనసుపడి ఆమెను పెళ్ళాడాడు. ఎవరికి భార్య కావాలో ఆమెను అడిగినవారు లేరు. ఆమె చేసిన నేరం నేరమే. ఐతే ఆ ఇంట తొలి అన్యాయం జరిగినది ఆమెకు. మొదటే అడిగి ఉంటే చివర కత్తి అవసరం వచ్చేది కాదు.

అందని ఉత్తరం

విదేశాల్లోనూ ఇదే తీరు. షేక్స్‌పియర్ 1595 ప్రాంతంలో రచించిన ‘రోమియో జూలియట్’లో పగబట్టిన రెండు కుటుంబాల పిల్లలు ప్రేమించుకుంటారు. జూలియట్‌కు పద్నాలుగేళ్ళయినా నిండలేదు. ఆదివారం మొదలైన కథ గురువారం తెల్లవారేసరికి ముగుస్తుంది. నిద్రమందు తాగిన జూలియట్ నిజంగా చనిపోలేదని రోమియోకు తెలియజేసే ఉత్తరం చేరదు. కారణం, తీసుకువెళ్ళవలసిన సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట నిర్బంధించి తలుపులు మూశారు. ప్లేగు రావడం విధి. కానీ భార్యాభర్తల మధ్య వార్త దొంగచాటుగా నడవవలసి రావడం విధి కాదు. అది పెద్దల పగ తెచ్చిన దుస్థితి.

హైటెక్ సిటీలో ఈ ఉత్తరం కథ చదివితే నవ్వు రావచ్చు. ఇక్కడి నుంచి సముద్రాల అవతలికి క్షణంలో వార్త వెళుతుంది. ఐనా ఇక్కడ ఉద్యోగం చేసే ఎందరో యువతీ యువకులకు, తాము ఇష్టపడినవారి సంగతి ఇంట్లో చెప్పడమే అన్నింటికన్న కష్టమైన పని. జీతం తమది, గది అద్దె తమది, పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం గొంతు పెగలదు. అవతలివారి కులం పేరు వినగానే, మనిషి ఎలాంటివారో అడగకుండానే, ‘నలుగురిలో తలెత్తుకోలేము’ అని తీర్పు వచ్చేస్తుంది. నిజం తేలకముందే శిక్ష పడడమంటే ఇదే.

ఇది నాటకాల్లో మాటే అనుకోనక్కరలేదు. 2020 సెప్టెంబరులో గచ్చిబౌలి ప్రాంతం నుంచి, కులాంతర వివాహం చేసుకున్న ఒక యువకుణ్ణి ఎత్తుకుపోయి హత్య చేశారు. ఈ కేసులో పోలీసులు అరెస్టు చేసినవారిలో అతని భార్య తరఫు బంధువులు ఉన్నారు. కంప్యూటర్ కంపెనీల మధ్యనే ఈ ఘోరం జరగడం నగరాన్ని కలచివేసింది.

చట్టం చేసిన ఏర్పాటు

రాజమహేంద్రవరంలో రాజుదే ఆఖరి మాట. నేడు అలా కాదు. వేర్వేరు కులాలవారు, మతాలవారు వివాహమాడడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వీలు కల్పించింది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. వివాహాధికారికి నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నెల రోజుల గడువే కొందరికి ఇంటివారి భయంతో గండంగా మారుతున్నదన్న విమర్శ కూడా ఉన్నది.

2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు విస్పష్టంగా తీర్పు చెప్పింది. యుక్తవయస్కులిద్దరూ సమ్మతిస్తే చాలు, కుటుంబమో కులమో అనుమతి అవసరం లేదన్నది. పరువు పేరిట బెదిరించడం చట్టవిరుద్ధమని, ఇటువంటి జంటల రక్షణకు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, 24 గంటల సహాయ ఫోను, అవసరమైనచోట ఆశ్రయ గృహాలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రాణభయం ఉన్నవారు దాక్కుని తిరగక, ముందుగానే పోలీసులను ఆశ్రయించవచ్చు.

ఐతే చట్టం ప్రాణానికి కాపలా కాయగలదు కాని, తెగిపోయిన తండ్రీ బిడ్డలను కలపలేదు. ఆ పని ఇంట్లోనే జరగాలి. పిల్లలు పెళ్ళి చేసుకుని వచ్చి చెప్పడం కన్న, మనసు పడిన నాడే ధైర్యం చేసి చెప్పడం మేలు. రోమియో, జూలియట్ రహస్యంగా పెళ్ళాడినందువల్లనే ప్రతి వార్తా దొంగచాటుగా నడవవలసి వచ్చింది. పెద్దలు కూడా వెంటనే ‘కాదు’ అనక, ‘ఆ మనిషి ఎవరు, ఏమి చేస్తారు, నీకెందుకు నచ్చారు?’ అని అడగవచ్చు. విన్న తరువాత కూడా నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు వారికి ఉన్నది. శిక్షించే హక్కు మాత్రం లేదు.

పాత కథలో నరికిన చేతులను మొలిపించడానికి సిద్ధుడు వచ్చాడు. ధర్మవరంవారి నాటకంలో ఎవరూ రాలేదు. మన ఇళ్ళకు కూడా ఎవరూ రారు.