నడకయు తిండియు

వ్యాయామము చేసినవాడు వ్యయమైన శక్తినంతయు తిండితో తిరిగి పూరించుకొనవలెనా? బరువు తగ్గగోరువారికి ఇది ముఖ్యమైన ప్రశ్న.

ఆహారమువలన కలుగు శక్తిని కేలరీలలో కొలుతురు. 60 కిలోల బరువుగల మనుష్యుడు ఒక గంటలో 5 కిలోమీటర్లు నడచినచో సుమారు 210 కేలరీలు వ్యయమగును. అందు 60 కేలరీలు అతడు ఊరక కూర్చుండినను ఖర్చగునవే. ఊపిరికిని, గుండె కొట్టుకొనుటకును, ఒంటి వేడికిని అవి కావలయును. కావున నడకవలన అదనముగా వ్యయమైనవి 150 మాత్రమే.

శ్రీకాకుళము జిల్లాలోని పలాస జీడిపప్పునకు ప్రసిద్ధి. ఆ పప్పు ఒక గుప్పెడు, అనగా సుమారు 27 గ్రాములు, తినినంతనే ఆ 150 కేలరీలును తిరిగి వచ్చును. అట్లు తినక ప్రతిదినము మిగిల్చినవాడు సుమారు 50 దినములలో ఒక కిలో కొవ్వును కరగింపగలడు.

అయితే ఈ నియమము అందరికిని చెల్లదు. అదే జిల్లాలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, రెండు విధముల ఎత్తుటలలో కలిపి 240 కిలోలు ఎత్తి, కాంస్యపతకము గెలిచెను. ఆమె పోటీచేసినది దేహభారము 69 కిలోలు మించనివారి తరగతి. అట్టి పోటీలలో పాల్గొనువారికి బరువు పెరుగరాదు, బలము తరుగరాదు. శ్రమకు తగినంత తినకున్న కండ కరగును. మించి తినినచో తరగతి తప్పును.

ఎదుగు వయసులోని బాలబాలికలు కేలరీలు లెక్కించి కడుపు మాడ్చుకొనరాదు. ఆడి వచ్చినపుడు కలుగు ఆకలి వారి ఎముకలును కండరములును అడుగు కూలి. చోడి అంబలి, పప్పన్నము, గ్రుడ్డు, పాలు మొదలగువానితో ఆ కూలిని చెల్లింపవలెను.