ఆస్పిరిన్ వాడేవారి కడుపులో బ్యాక్టీరియా: చికిత్సతో రక్షణ ఎంతకాలం?

గుండెపోటు మళ్లీ రాకుండా ఏళ్ల తరబడి ఆస్పిరిన్ వాడేవారికి కడుపులో పుండు ఏర్పడి రక్తస్రావం కావచ్చు. హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియా కూడా ఉంటే ఆ ముప్పు అధికం. దానిని ముందే నిర్మూలిస్తే ప్రయోజనం ఉంటుందా? బ్రిటన్‌లో జరిగిన ‘హీట్’ అధ్యయనం ఈ ప్రశ్ననే పరిశీలించింది. దాని ఫలితాలు 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

శ్వాస పరీక్షలో ఈ బ్యాక్టీరియా బయటపడిన, 60 ఏళ్లు, ఆపై వయసున్న 5,352 మందిలో సగం మందికి వారంపాటు రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లాన్ని తగ్గించే మాత్ర ఇచ్చారు. మిగతావారికి మందు లేని మాత్రలు. తొలి రెండున్నరేళ్లలో పుండు రక్తస్రావంతో ఆసుపత్రి పాలవడమో, మరణించడమో జరిగిన ఘటనలు చికిత్స పొందినవారిలో 6, పొందనివారిలో 17. సంఖ్యలు చిన్నవే, తేడా మాత్రం స్పష్టం. అయితే ఆ తర్వాత అది నిలవలేదు.

మలం తారులా నల్లగా వస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. భయపడి ఆస్పిరిన్‌ను సొంతంగా మానేస్తే గుండెకే ముప్పు.