కుమ్మరి ఆవం – కంప్యూటరు

మొన్న ఆదివారం వెంగళరావు నగర్‌లో మా ఇంటి వరండాలో పెద్ద పంచాయితీ జరిగింది. మా అన్నయ్య కొడుకు ఎం.టెక్. చదువుతానంటాడు. అదీ చిప్పుల ప్యాకేజింగు!

"పక్కనే అమీర్‌పేట. నాలుగు నెలలు సాఫ్టువేరు నేర్చుకుని ఉద్యోగంలో చేరక, చిప్పులకు డబ్బాలు కట్టే చదువెందుకురా? వచ్చే ఏడు నేను రిటైరవుతున్నాను" అంటాడు అన్నయ్య.

"నువ్వైనా చెప్పు బాబాయ్" అని వాడు నా చేతిలో కొన్ని కాగితాలు పెట్టాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? అయినా చదివాను. అందులో ఆచార్య రావు తుమ్మలగారి సంగతి వుంది. మన తెలుగువారే. లయోలా కళాశాలలో డిగ్రీ, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో లోహశాస్త్రం, కెనడాలో ఎం.ఎస్., ఇల్లినాయ్‌లో డాక్టరేటు. తరువాత ఐ.బి.ఎం.లో చేరారు. చూశారా, చదివింది లోహాల సంగతి. పేరు వచ్చింది ఎలక్ట్రానిక్స్‌లో!

చిప్పు ఒక్కటే వుంటే దేనికీ పనికిరాదు. దానికి కరెంటు అందాలి, కబురు చేరాలి, పుట్టిన వేడి బయటికి పోవాలి. పెద్ద కంప్యూటర్లలో వందకు పైగా చిప్పులను ఒకే పింగాణీ పలక మీద అమర్చి, పలక పొరలలో తీగలు నడిపేవారు. ఆ పింగాణీ కాలడానికి 1,500 డిగ్రీలకు పైగా వేడి కావాలి. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకని రాగిని మానుకుని, కరెంటును అంత చక్కగా మోయలేని మాలిబ్డినం వాడవలసి వచ్చేది. తుమ్మలగారు, ఆయన సహచరులు వెయ్యి డిగ్రీల లోపునే కాలే గాజు పింగాణీని సాధించారు. 1990లో వచ్చిన ఐ.బి.ఎం. యంత్రాలలో అటువంటి పలకకు 63 పొరలు, దాని మీద 121 చిప్పులు!

ఐ.బి.ఎం. ఫెలో అంతటి గౌరవం పొందిన మనిషి 1993లో జార్జియా టెక్‌కు వెళ్ళి పంతులయ్యారు. అక్కడ ప్యాకేజింగు పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. లోహాలవారు, యంత్రాలవారు, విద్యుత్తువారు ఎవరి గదిలో వారుంటే ఈ పని సాగదు గనుక, అందరినీ ఒక చోటికి చేర్చారు. 1989లోనే రైమషెవ్‌స్కీతో కలిసి ఇంజనీర్లకు పెద్ద గ్రంథం కూర్చారు. 2001లో విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం తెచ్చారు. పాఠం చెప్పేవాడిగా నాకు ఈ చివరిదే అన్నిటికన్న గొప్పగా తోచింది.

"ఇదంతా అమెరికాలో మాట" అన్నాడు అన్నయ్య.

"2023లో గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్‌వారు శంకుస్థాపన చేసింది చిప్పులను కూర్చి పరీక్షించే ఫ్యాక్టరీకే, పెదనాన్నా" అని మా అమ్మాయి అందించింది.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. "అయితే కుమ్మరి పనే నన్నమాట!" అన్నాడు చివరకు.

"అవును నాన్నా. మంట ఎంత పెట్టాలో తెలియడమే చదువు" అన్నాడు వాడు.

ఉద్యోగం తప్పక వస్తుందని నేను హామీ ఇవ్వలేదు, అబద్ధమవుతుంది. మొదటి ఏడు ఫీజులో సగం నాదని మాత్రం అన్నాను. అన్నయ్య దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. మిగతా సగం సంగతి ఇంకా తేలలేదు.