ఇంట్లో దయ్యాల మేడ!

డబ్బిచ్చి మరీ దయ్యాల మేడను ఇంటికి తెచ్చుకునేవారుంటారా? అమెరికాలో ఉన్నారు. ఆ మేడ పేరు 'ఆడమ్స్ ఫ్యామిలీ'. అది ఒక పిన్‌బాల్ యంత్రం.

మేకులు కొట్టిన పలక మీద గోళీలు దొర్లించే బాగటెల్ ఆట ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఆ పలకకే కాళ్ళు, కరెంటు, దీపాలు అమర్చి పైన అద్దం పెడితే పిన్‌బాల్. వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కుగోళీ కిందికి జారుతూంటుంది. పక్కనున్న బొత్తాం నొక్కితే చిన్న తెడ్డు లేచి దాన్ని పైకి తంతుంది. తప్పిందా, గోళీ గల్లంతు!

ఛార్లెస్ ఆడమ్స్ అనే చిత్రకారుడు 1938 నుంచి 'న్యూయార్కర్' పత్రికలో వేసిన వ్యంగ్య చిత్రాల్లోంచి పుట్టిందీ కుటుంబం. సాలెగూళ్ళు, సమాధులు వీరికి ముద్దు. 1991లో సినిమా వచ్చింది. 1992లో పాట్ లాలర్, లారీ డిమార్ ఆ కథను యంత్రంలో పెట్టారు. 20,270 అమ్ముడయ్యాయి. ఎలక్ట్రానిక్ పిన్‌బాల్ యంత్రాల్లో అది రికార్డు.

అంత గొప్ప ఏముందంటారా? సినిమాలో ఒంటి చెయ్యి ఒకటి ఇల్లంతా తిరుగుతుంది. ఇక్కడ పెట్టె మూత తెరుచుకుని ఆ చెయ్యే బయటికి వస్తుంది. వేళ్ళలోని అయస్కాంతంతో గోళీని పట్టుకుని లోపలికి పోతుంది! పుస్తకాల బీరువా గిర్రున తిరిగి రహస్య ద్వారం చూపుతుంది. బల్ల అడుగున దాగిన 3 అయస్కాంతాలు ఒక్కోసారి గోళీని పూనకం వచ్చినట్టు ఆడిస్తాయి. ఇంకొక తెడ్డు తనంతట తానే కొడుతుంది. గురి తప్పితే సమయం సరిదిద్దుకుంటుంది కూడా.

ఇక కొనదలచినవారు అడిగే ప్రశ్నలు.

ఇంట్లో పడుతుందా? బరువు వంద కిలోలకు పైమాటే. కాళ్ళు విప్పి, తలభాగం మడిచినా, మేడమెట్లెక్కించాలంటే మనుషుల సాయం కావలసిందే.

పిల్లలు గుద్దితే? లోపల ఇనుప కడియం మధ్య ఒక లోలకం వేలాడుతుంది. బల్లను గట్టిగా ఊపితే అది కడియానికి తగులుతుంది. హెచ్చరికలు దాటితే తెడ్లు చచ్చుపడతాయి, ఆ గోళీ పోయినట్టే. మర్యాద నేర్పే యంత్రం!

విసుగు పుట్టదా? నాణేలు రాబట్టడానికి చేసిన ఆట ఇది. త్వరగా ఓడించడమే దాని వృత్తిధర్మం. ఇంట్లో నాణెం భయం లేదు గనుక, ఒక్కరే ఆడితే పస తగ్గవచ్చు. కాని నలుగురి దాకా వంతులవారీగా ఆడవచ్చు. తమ్ముడు అక్కను మించాలనుకున్న రోజున యంత్రానికి ప్రాణం వస్తుంది.

పోషణ మాటేమిటి? అసలు ఖర్చు అక్కడే. రబ్బరు పట్టీలు గట్టిపడతాయి, దీపాలు మాడతాయి. గీతలుపడ్డ గోళీ బల్లమీది రంగును కొరుకుతుంది. అన్నిటికన్న ప్రమాదం, స్కోర్లు గుర్తుంచుకోవడానికి లోపల పెట్టిన చిన్న బ్యాటరీలు. మరిచిపోతే అవి కారి, యంత్రం మెదడైన ఎలక్ట్రానిక్ పలకను తినేస్తాయి. కొనేముందు మెరుగు కాదు, ఆ పలక చూడాలి. ఏటా బ్యాటరీలు మార్చే ఓపిక లేనివారు ఈ మేడ జోలికి పోకపోవడమే మేలు.

ఈ ఓపికకు మరొక విలువ కూడా ఉంది. సినిమాలో ఇంటి యజమాని వేషం వేసిన రౌల్ జూలియా ఈ యంత్రం కోసం ప్రత్యేకంగా మాటలు రికార్డు చేశాడు. 1994లో ఆయన పోయాడు. యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ కూడా 1999లో పిన్‌బాల్ మానుకుంది. అయినా శ్రద్ధగల ఇంట, బొత్తాం నొక్కగానే ఆ గొంతు ఉత్సాహంగా అతిథులను ఆటకు పిలుస్తూనే ఉంది.